నడిసంద్రంలో ఓడ ఊగినప్పుడు: బిస్కే అఖాతం దాటే క్రూయిజ్ ప్రయాణికులకు సమగ్ర మార్గదర్శి

ఓడ గట్టిగా ఊగడం మొదలైన రాత్రి నా కారిడార్‌లో తలుపులు ఒకటొకటిగా తెరుచుకునేవి. తలలు బయటికి వచ్చేవి. అందరి నోటా ఒకటే మాట: "ఇది మామూలేనా?"

తొమ్మిదేళ్లు క్రూయిజ్ ఓడల్లో కేబిన్ స్టివార్డుగా చేశాను. గదులు సర్దడం, పక్కలు వేయడం, అర్ధరాత్రి పిలిచినా వెళ్లడం నా పని. అందులో ఐదు చలికాలాలు ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి, ఆఫ్రికా వాయవ్య తీరం పక్కనున్న స్పెయిన్ వాళ్ల కానరీ దీవులకు వెళ్లివచ్చే ఓడల్లోనే గడిచాయి. ఆ దారిలో బిస్కే అఖాతం దాటక తప్పదు. ఫ్రాన్సు పడమటి తీరానికీ స్పెయిన్ ఉత్తర తీరానికీ మధ్య వంపు తిరిగిన సముద్రం అది. అక్టోబరు నుంచి మార్చి దాకా అట్లాంటిక్‌లో అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. వాటి అలలు అడ్డూ ఆపూ లేకుండా సముద్రం మీద దొర్లుకుంటూ వచ్చి, 4,000 మీటర్లకు పైగా లోతున్న నీళ్ల నుంచి 200 మీటర్లు కూడా లేని తీరపు అరుగు మీదికి ఎక్కుతాయి. అక్కడ అవి దగ్గరదగ్గరగా జరిగి నిక్కబొడుచుకుంటాయి. ఆ అఖాతం దాటడానికి పట్టేది దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ. ఆ ఒక్క రోజు కోసమే ఇదంతా రాస్తున్నాను.

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకుని ఈ ఓడలు ఎక్కించడం నేను చూస్తూ వచ్చాను. అరవై దాటినవాళ్లు, గోదావరిలో లాంచీ తప్ప మరొకటి ఎక్కనివాళ్లు. వాళ్లకు ముందే ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నోసార్లు అనిపించింది.

ఒక మాట మొదటే చెప్పాలి. ఆ తొమ్మిదేళ్లలో అల కొట్టి దెబ్బతిన్న ప్రయాణికుణ్ణి నేను చూడలేదు. తలుపు సందులో వేళ్లు నలిగినవాళ్లను, మెట్ల మీద జారినవాళ్లను, బాత్రూమ్ గడప తట్టుకుని పడినవాళ్లను మాత్రం ప్రతి చలికాలమూ చూశాను. ఓడ తన పని తాను చూసుకుంటుంది. మనం కాపాడుకోవలసినవి మన కాళ్లూ చేతులూ కడుపూ.

అడుగు 1: టికెట్టు కొనేటప్పుడే సగం పని

ప్రయాణం తేదీ మీ చేతిలో ఉంటే మే నుంచి సెప్టెంబరు మధ్య పెట్టుకోండి. బిస్కే అప్పుడు చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. కానీ కానరీ దీవులకు జనం వెళ్లేదే చలి తప్పించుకోవడానికి కనుక, డిసెంబరులోనో జనవరిలోనో వెళ్లేవాళ్లే ఎక్కువ. అప్పుడు గది ఎంపికే మీ చేతిలో మిగిలేది.

గది ఓడ పొడవులో మధ్యన ఉండాలి, కింది అంతస్తుల్లో ఉండాలి. ఎందుకంటే ఓడకు ప్రధానంగా రెండు ఊపులుంటాయి. ఒకటి ముందువెనకల ఊపు. మా భీమిలి పడవలవాళ్లు ఓడ ముందు కొసను అణియం అనీ, వెనక కొసను అమరం అనీ అంటారు. అణియం లేస్తే అమరం మునుగుతుంది, అమరం లేస్తే అణియం మునుగుతుంది. పిల్లలు ఎక్కే తూగుబల్లలో రెండు చివరలూ ఎగిరెగిరి పడుతుంటే మధ్యలో కూర్చున్నవాడికి పెద్దగా తెలియదు చూడండి, అదే లెక్క. రెండోది పక్కల ఊపు. గాలికి తాటిచెట్టు తల ఊగినంతగా మొదలు ఊగదు. పన్నెండో అంతస్తులో బాల్కనీ గది ఫొటోకు బాగుంటుంది, బిస్కే రాత్రికి మాత్రం ఐదో అంతస్తు మధ్యలో కిటికీ ఉన్న గదే హాయి.

తక్కువ ధరకు వస్తుందని "ఏ గది ఇస్తే అది" అనే పద్ధతిలో పెద్దవాళ్లకు టికెట్టు తీయకండి. మిగిలిపోయే గదుల్లో అణియం వైపువి ఎక్కువగా ఉంటాయి. అక్కడ రాత్రంతా అల కొట్టిన చప్పుడు తలగడ కిందనే ఉన్నట్టుంటుంది.

ఓడ పరిమాణం కూడా చూసుకోవచ్చు. ఒకే సముద్రంలో పెద్ద ఓడ తక్కువ ఊగుతుంది. ఉత్తర అట్లాంటిక్ కోసమే కట్టిన ఓడ క్వీన్ మేరీ 2, 2004లో ప్రయాణాలు మొదలుపెట్టింది. 345 మీటర్ల పొడవు, నీళ్లలోపల దాదాపు 10 మీటర్ల లోతు. తక్కిన క్రూయిజ్ ఓడలు చాలావరకు ఎత్తు ఎక్కువ, లోతు తక్కువ. అవి ప్రమాదకరమని కాదు, గాలికి కాస్త ఎక్కువ కదులుతాయంతే.

ఇన్సూరెన్సు గురించి ఒక్క మాట. అమ్మానాన్నల కోసం బ్రిటన్‌లో తీసే మామూలు ప్రయాణ బీమాలో క్రూయిజ్ ప్రయాణం ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ఓడలో వైద్యశాల ప్రైవేటు ఆసుపత్రి లెక్కన డబ్బు తీసుకుంటుంది. ఒక సూదిమందు, ఒక సెలైను బిల్లు చూసి కళ్లు తిరిగినవాళ్లున్నారు.

అడుగు 2: వాతావరణం చదవడం

మన కోస్తాలో రేడియో "మచిలీపట్నం, కాకినాడ ఓడరేవుల్లో మూడో నెంబరు ప్రమాద హెచ్చరిక" అనగానే ఇంటి పైకప్పు చూసుకునే అలవాటు అందరికీ ఉంది. బ్రిటన్‌లో ఆ పని చేసేది బీబీసీ రేడియో 4లో వచ్చే షిప్పింగ్ ఫోర్‌కాస్ట్. సముద్రాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కొక్కదాని పేరు చదువుతారు. మీరు వినవలసినవి నాలుగు: ప్లిమత్, సోల్, బిస్కే, ఫిట్జ్‌రాయ్. చివరి దానికి 2002 దాకా ఫినిస్టెర్ అని పేరు. బ్రిటన్ వాతావరణ శాఖను 1854లో మొదలుపెట్టిన నావికుడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ పేరు ఆ తర్వాత పెట్టారు. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ తుఫానులో వందల మందితో పగిలిపోయాక, గాలివాన వచ్చేముందే ఓడరేవులకు కబురు పంపాలని పట్టుబట్టి 1861లో ఆ పద్ధతి మొదలుపెట్టించినది ఆయనే. ఆ పేరు వినిపించినప్పుడల్లా నాకు ఒక దండం పెట్టాలనిపించేది.

ఆ బులెటిన్‌లో సముద్రం గురించి వాడే మాటలకు కచ్చితమైన కొలతలున్నాయి. మోడరేట్ అంటే 1.25 నుంచి 2.5 మీటర్ల అలలు. రఫ్ అంటే 4 దాకా. వెరీ రఫ్ అంటే 6 దాకా. హై అంటే 9 దాకా. గాలికి బోఫర్ట్ కొలమానం వాడతారు: 8వ స్థాయి గేల్, అంటే గంటకు 62 నుంచి 74 కిలోమీటర్లు. 12వ స్థాయి 118 కిలోమీటర్ల పైమాట.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "అలల ఎత్తు 4 మీటర్లు" అన్నప్పుడు ప్రతి అలా అంత ఉంటుందని కాదు. వచ్చే అలల్లో ఎత్తైన మూడో వంతుకు సగటు అది. కొన్ని గంటలు ఆ సముద్రంలో ఉంటే దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల ఒకటి వస్తుంది. అందుకే "ఇందాకటి నుంచి బాగానే ఉంది కదా" అని రెయిలింగు వదిలేసినవాళ్లే పడతారు.

నా అనుభవంలో పెద్ద ఓడలో 2, 3 మీటర్ల అలలు చాలామందికి తెలియనే తెలియవు. 4 దాటితే నడకలో తెలుస్తుంది. 6 దాటితే బయటి డెక్కుల తలుపులకు తాళ్లు కడతారు, ఈత కొలను ఖాళీ చేసేస్తారు, లిఫ్టులు కొన్ని ఆపేస్తారు. ఈ మూడూ చూసి బెంబేలు పడకండి. మన ఊళ్లో గాలివాన వస్తుందంటే కిటికీ రెక్కలు మూసినట్టే.

అడుగు 3: సంచిలో ఏం పెట్టుకోవాలి

మందుల సంగతి ముందు. ఓడ వాంతికి కారణం లోపలి చెవికీ కంటికీ కుదరకపోవడం. గది గోడలు కదలడం లేదని కన్ను చెబుతుంది, కదులుతున్నామని చెవి చెబుతుంది. ఆ రెండు సాక్ష్యాల మధ్య నలిగేది కడుపు. ఈ మందులన్నిటిలో ఒకే సూత్రం: ఊపు మొదలవకముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగిన మాత్ర లోపల నిలవదు.

ఘాట్ రోడ్డు బస్సుకు మనవాళ్లు వేసుకునే అవోమిన్, అందులో ఉండేది ప్రోమెథజిన్. ఓడకూ పనికొస్తుంది. నిద్ర బాగా పట్టిస్తుంది కనుక రాత్రి పడుకునేముందు వేసుకుంటే మేలు. బ్రిటన్ మందుల షాపుల్లో స్టుజెరాన్ పేరుతో దొరికే సిన్నరిజిన్‌ను ప్రయాణానికి రెండు గంటల ముందు మొదలుపెట్టాలి. చెవి వెనక అంటించే హయోసిన్ పట్టీ మూడు రోజులు పనిచేస్తుంది. కానీ గ్లాకోమా, అంటే కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు, ఉన్నవాళ్లు అది వాడకూడదు. ప్రొస్టేటు ఇబ్బంది ఉన్న పెద్దాయనకూ, డెబ్బై దాటినవాళ్లకూ అది మూత్రం బిగబట్టించవచ్చు, మతి తప్పినట్టు చేయవచ్చు. వీటిలో ఏది ఎవరికి, ఎంత మోతాదు అనేది డాక్టరునే అడగండి. బీపీ, షుగరు మాత్రల చీటీ ఎదురుగా పెట్టి అడగండి. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజిన్ అసలు వేయకూడదు.

షుగరు ఉన్నవాళ్లు ఒక ప్రశ్న అదనంగా అడిగి కాగితం మీద రాయించుకోవాలి: "వాంతులవుతూ తిండి నిలవనప్పుడు నా షుగరు మాత్ర, ఇన్సులిన్ ఏం చేయాలి?" ఇది చిన్న విషయం కాదు. తిండి లేకుండా మందు మాత్రం లోపలికి వెళితే షుగరు పడిపోతుంది, చెమటలు పట్టి స్పృహ తప్పుతారు. ఊపువల్ల నీరసం అనుకుని పక్కవాళ్లు గమనించరు.

తక్కినవి సులువు. శొంఠి, అల్లం మురబ్బా, ఓఆర్ఎస్ పొట్లాలు, మరమరాలు లేదా అటుకులు ఒక డబ్బాలో, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు నాలుగు. మడమకు పట్టీ ఉన్న, అడుగున రబ్బరున్న చెప్పులు లేదా బూట్లు. హవాయి చెప్పులు గదిలోనే ఉండాలి. అమ్మలు చీరలో సౌకర్యంగా ఉంటామంటారు, నిజమే. కానీ ఆ ఒక్క రోజు పంజాబీ డ్రెస్సు వేసుకోమని ఒప్పించండి. ఓడ ఒరిగినప్పుడు మెట్టు మీద కుచ్చిళ్లు కాలికింద పడితే పట్టుకునే వ్యవధి ఉండదు. నాన్నల పంచెలకూ ఇదే మాట.

దీపపు కుంది, అగరొత్తులు ఇంట్లోనే ఉంచండి. ఓడలో నిప్పు వెలిగించకూడదు, సంచిలో కనిపిస్తే తీసేసుకుంటారు. సముద్రం మీద అన్నిటికంటే భయపడేది నిప్పుకే.

అడుగు 4: ఓడ ఎక్కిన సాయంత్రం

రేవు వదిలేముందే మస్టర్ డ్రిల్ ఉంటుంది. ఆపదలో ఎక్కడ గుమికూడాలో చూపిస్తారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత, అదీ సంకేతం. 1912లో టైటానిక్ మునిగాక 1914లో పుట్టిన అంతర్జాతీయ ఒప్పందపు దారిలో వచ్చిన నియమాలివి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగిపోయాక మరింత బిగించారు. డ్రిల్ అయ్యాక ఇంకో పని మీరే చేయండి: పెద్దవాళ్లను వెంటబెట్టుకుని గది నుంచి ఆ చోటికి లిఫ్టు లేకుండా మెట్ల మీదుగా ఒకసారి నడవండి. ఎన్ని తలుపులు, ఎటు మలుపు, రెయిలింగు ఏ పక్క. ఐదు నిమిషాల పని.

ఒక చేతిసంచి గది తలుపు దగ్గర తగిలించండి. రెండు రోజుల మందులు, కళ్లజోడు, స్వెటరు, పాస్‌పోర్టు. అది ప్రయాణం అయ్యేదాకా అక్కడే ఉండాలి.

అడుగు 5: కెప్టెన్ ప్రకటన వచ్చాక రెండు గంటలు

స్పీకరులో కెప్టెన్ "ఈ రాత్రి కొంత కదలిక ఉంటుంది" అంటే అది చాలా మర్యాదగా చెప్పిన మాట అని అర్థం చేసుకోండి. ప్రకటన రాకముందే తెలుసుకోవాలంటే మెట్ల రెయిలింగుల వైపు చూడండి. అక్కడ వాంతి సంచులు వరసగా పెడుతున్నామంటే మాకు కబురు అందినట్టే.

గది సర్దడం మా పని అనుకుంటారు. ఇరవై గదులకు పైగా చూసే స్టివార్డు అందరి పెర్ఫ్యూమ్ సీసాలూ కింద పెట్టలేడు. మీరే చేయండి, పెద్ద కష్టమేమీ లేదు. సూత్రం ఒకటే: పడగలిగినది ఏదైనా ముందే నేల మీద ఉండాలి, దొర్లగలిగినది ఏదైనా మెత్తని దానిలో చుట్టి ఉండాలి.

బల్ల మీది సీసాలు, గ్లాసులు తువ్వాలులో చుట్టి సింకులో పెట్టండి. బాత్రూమ్‌లో గాజువి ఏవీ పైన ఉంచకండి. చెప్పులు లేని కాళ్లతో అర్ధరాత్రి నడిచేది అక్కడికే. కెటిల్‌లో నీళ్లు పారబోసి అల్మరా అడుగున పెట్టండి. లాప్‌టాప్, ఫోన్ పరుపు అంచుకూ గోడకూ మధ్య పెట్టండి. చక్రాల సూట్‌కేసులు నిలబెట్టవద్దు, పడుకోబెట్టి మంచం కిందికి నెట్టండి. చక్రాల సూట్‌కేసు రాత్రి గదిలో తిరగడం మొదలుపెడితే కాలి పిక్కల మీదికే వస్తుంది. సొరుగులు తెరుచుకుని మూసుకోకుండా సందులో ఒక సాక్సు దోపండి. అల్మరాలో ఖాళీ హ్యాంగర్లు తీసి కింద పడుకోబెట్టండి. ఆ టకటక శబ్దమే సగం మందికి నిద్ర లేకుండా చేసేది. "లోపల ఏదో విరుగుతోంది" అని నన్ను పిలిచిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం హ్యాంగర్లవే.

బాల్కనీ ఉంటే కుర్చీలు మడిచి పడుకోబెట్టి, తువ్వాళ్లు, ఈత బట్టలు లోపలికి తెచ్చి, తలుపు గడియ పూర్తిగా బిగించండి. గాలి ఈల వేస్తుంటే తలుపు సరిగా పడలేదని గుర్తు.

తర్వాత తేలికగా తిని, మాత్ర వేసుకుని, చీకటి పడకముందే స్నానాలు కానిచ్చేయండి. ఊగే ఓడలో స్నానం వద్దు.

అడుగు 6: నడక, తలుపులు, మెట్లు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిగతా అంతా మరచినా ఇది మరవకండి.

ఒక చెయ్యి ఎప్పుడూ ఓడకే. రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో నడవకూడదు. పిల్లను ఎత్తుకుని మెట్లు దిగకూడదు, పిల్ల మీకూ రెయిలింగుకూ మధ్య నడవాలి. పాదాలు కాస్త ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి, చిన్న అడుగులు వేయాలి. ఓడ ఊపుకు ఒక తాళం ఉంటుంది. పైకి లేచేటప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, దిగేటప్పుడు తేలికవుతాయి. తేలికైన క్షణంలో మెట్టు మీద అడుగు వేయవద్దు, ఆగండి, బరువు తెలిసినప్పుడు వేయండి. నాలుగు ఊపులు నిలబడి గమనిస్తే ఒంటికి అదే తెలుస్తుంది.

తలుపును ఎప్పుడూ పిడి దగ్గరే పట్టుకోండి. అంచు మీద, చట్రం మీద, బందుల సందులో వేళ్లు పెట్టకండి. కారిడార్లలో నిప్పు పాకకుండా ఆపే తలుపులు ఇనుపవి, ఓడ ఒరిగితే వాటి బరువంతా మీ వేళ్ల మీదికి వస్తుంది. ఇక బాల్కనీ తలుపు తెరిచి ఉండగా ఎవరైనా గది తలుపు తీస్తే గాలి సుడిలా దూరి రెండింట్లో ఒకదాన్ని విసిరికొడుతుంది. ఒక పెద్దావిడ మూడు వేళ్లు అలా నలగడం నా కళ్లముందు జరిగింది. నేను తలుపు తట్టాను, ఆవిడ చట్రం పట్టుకుని తీశారు, లోపల మనవడు బాల్కనీ తెరిచి ఉంచాడు. ముగ్గురిలో ఎవరమూ తప్పు చేయాలనుకోలేదు. అప్పటి నుంచి గాలి రాత్రుల్లో తలుపు తట్టి "ముందు బాల్కనీ మూయండి" అని కేకవేసి, మూసిన చప్పుడు విన్నాకే తీయమనేవాణ్ణి.

బాత్రూమ్ దగ్గర గడప ఎత్తుగా ఉంటుంది. నిద్రమత్తులో అది తగులుతుంది. అక్కడ చిన్న లైటు రాత్రంతా వెలగనివ్వండి. మగవాళ్లు కూడా కూర్చునే కానివ్వాలి, ఇందులో సిగ్గుపడేది లేదు.

అడుగు 7: కడుపులో తిప్పడం మొదలైతే

గదిలో పడుకుని ఫోన్ చూడటం అన్నిటికంటే చెడ్డది. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో, కిటికీ ఉన్న చోటికి వెళ్లి దిక్చక్రం వైపు, అంటే నింగీ నీళ్లూ కలిసే గీతవైపు చూస్తూ కూర్చోండి. ఆ గీత కదలదు, దాన్ని చూస్తే కంటికీ చెవికీ రాజీ కుదురుతుంది. కిటికీ దొరకకపోతే వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోండి. తల కదపవద్దు.

కడుపు ఖాళీగా ఉంచడం పెద్ద పొరపాటు. నూనె, మసాలా, కాఫీ, మద్యం వద్దు. ఓడవాళ్లు పచ్చ ఆపిల్ ముక్కలు, ఉప్పు బిస్కెట్లు ఇస్తారు, అవి నిజంగానే నిలుస్తాయి. మనవాళ్లకు మరమరాలు, చప్పటి అన్నంలో కాస్త పెరుగు ఇంకా బాగా నిలుస్తాయి. అడిగితే రెస్టారెంటులో ఉత్త అన్నం, పెరుగు ఇస్తారు, మొహమాటపడకండి. అల్లం ముక్క చప్పరించండి. నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగండి.

రాజమండ్రి నుంచి వచ్చిన ఒక జంట గుర్తుకొస్తారు. కూతురు, అల్లుడు పక్క గదిలో వాంతులతో లేవలేని స్థితి. నేను తెలుగువాణ్ణని తెలిసి ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"బాబూ, నిజం చెప్పు. మనం ఒడ్డుకు చేరతామా?"

"చేరతామండీ పిన్నిగారూ. నేను ఈ దారిన వెళ్లడం ఇరవయ్యోసారో ఎన్నోసారో."

"మరి ఆ ఢాంఢాం చప్పుడేంటి?"

చెప్పాను. చప్పుళ్ల గురించి ఒక్కొక్కటే చెబుతుంటే ఆవిడ ముఖంలో భయం తగ్గడం కనిపించింది. ఆయన గిన్నెడు పెరుగన్నం తిని నిద్రపోయారు. ఆవిడ మాత్రం చప్పుడైన ప్రతిసారీ "ఇది అణియం కొట్టడమే కదా" అని తనకు తాను చెప్పుకుంటూ తెల్లవార్లూ కూతురి దగ్గర కూర్చున్నారు.

నాలుగైదుసార్లు వాంతి అయి నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం ముదురు రంగుకు తిరిగితే, పెద్దవాళ్లు మగతగా ఉంటే ఆలస్యం చేయకుండా వైద్యశాలకు ఫోను చేయండి. వాంతి ఆగే సూదిమందు ఇస్తారు. వాంతితోపాటు విరేచనాలు కూడా అవుతుంటే అది ఊపు వల్ల వచ్చినది కాకపోవచ్చు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే నోరోవైరస్ అయి ఉండవచ్చు. దాచకుండా చెప్పండి, గదిలోనే ఉండండి, చేతులు సబ్బుతో కడగండి. చేతికి రాసుకునే జెల్ దానికి సరిగా పనిచేయదు. వాంతి సంచులు టాయిలెట్లో వేయకండి. ఓడలో టాయిలెట్లు గాలి పీల్పుతో పనిచేస్తాయి, ఒకటి మూసుకుపోతే ఆ వరసంతా ఆగవచ్చు.

రెండు మూడు రోజుల్లో చాలామందికి ఒళ్లు అలవాటు పడుతుంది.

అడుగు 8: రాత్రి, చప్పుళ్లు

ఢాం అని పిడుగులాంటి చప్పుడు, తర్వాత మంచం వణకడం: అణియం అల మీది నుంచి కిందికి దిగి నీళ్లను కొట్టడం అది. కిర్రుకిర్రుమనడం: గోడ పలకలు ఒకదానితో ఒకటి ఒరుసుకోవడం. ఓడ ఉక్కు వంగేలా కట్టినదే, వంగకపోతే విరుగుతుంది. కొద్దిసేపు గరగరమని వణుకు: అమరం లేచినప్పుడు వెనకనుండి ఓడను నెట్టే పంకాలు నీటి పైపొరకు దగ్గరవడం. ఎక్కడో లోహం పళ్లెం దొర్లిన చప్పుడు: వంటగదిలో ఎవరో ఒకటి కట్టడం మరిచారు.

కింది అంతస్తు కిటికీకి ఇనుప మూత బిగించడానికి మనిషి వస్తే అడ్డుచెప్పకండి. అల వచ్చి కొట్టినా గాజుకు ఏమీ కాకుండా అది.

పడుకునేటప్పుడు దొర్లిపోకుండా నావికులు చేసే పని ఒకటుంది. లైఫ్‌జాకెట్టో, చుట్టిన దుప్పటో పరుపు బయటి అంచు కింద దోపితే పరుపు గోడవైపు వాలి, పసిబిడ్డ ఉయ్యాలలా గుంట ఏర్పడుతుంది. వెల్లకిలా పడుకుని కాళ్లు కొద్దిగా చాపుకుంటే చాలు. నేను ఐదు చలికాలాలు అలాగే పడుకున్నాను.

అడుగు 9: పైన బ్రిడ్జిలో ఏం జరుగుతోంది

బ్రిడ్జి అంటే ఓడను నడిపే గది. మీరు నిద్రలేకుండా ఉన్నప్పుడు అక్కడ కెప్టెన్, అధికారులు మేలుకునే ఉంటారు. ముందు చేసే పని తుఫానును చుట్టి వెళ్లడం. తప్పనప్పుడు వేగం తగ్గిస్తారు, అణియాన్ని అలకు కాస్త ఎదురుగా తిప్పుతారు. ఓడ పక్కల నీళ్లలోపల చాచిన స్టెబిలైజర్ రెక్కలు పక్కల ఊపును బాగా తగ్గిస్తాయి. కానీ ముందువెనకల ఊపును అవి ఆపలేవు. వేగం తగ్గేకొద్దీ వాటి బలమూ తగ్గుతుంది. నెమ్మదిగా వెళుతుంటే ఊపు పెరిగిందేమిటని ఆశ్చర్యపోవద్దు.

వేగం తగ్గితే ఒక రేవు పోతుంది. స్పెయిన్ రేవులైన లా కొరున్యాలోనో, వీగోలోనో ఆగకుండా వెళ్లిపోవచ్చు. రిసెప్షన్ దగ్గర వరసకట్టి అరిచేవాళ్లను చూస్తే నాకు ఆ కౌంటర్ వెనకాల ఉన్న పిల్లల మీద జాలి కలిగేది. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు ఓడ నిలువెత్తు గోడలాంటి పక్కభాగం తెరచాపలా పనిచేస్తుంది, ఇరుకు రేవులోకి దాన్ని తీసుకుపోవడం ఎవరికీ మంచిది కాదు. మార్గం మార్చే హక్కు కెప్టెన్‌కు ఉందని టికెట్టు షరతుల్లోనే రాసి ఉంటుంది. ఆ రేవు పన్నులు తిరిగి ఇస్తారా అని మర్యాదగా అడగండి.

నిజమైన ఆపద అరుదు, లేదని మాత్రం అనను. 2019 మార్చి 23న నార్వే తీరంలో హుస్టాడ్‌వికా దగ్గర వైకింగ్ స్కై ఓడ ఇంజన్లు గాలివానలో ఆగిపోయాయి. కందెన నూనె మట్టం తక్కువగా ఉండటమే దానికి కారణం. ఓడలో 1,373 మంది ఉన్నారు. 479 మందిని హెలికాప్టర్లతో ఒక్కొక్కరిగా పైకి లాగారు. తర్వాత ఇంజన్లు తిరిగి పనిచేసి ఓడ రేవు చేరింది, అందరూ బతికారు. గాయపడ్డవాళ్లు మాత్రం ఉన్నారు. కుర్చీలు, బల్లలు, పూలకుండీలు గదుల్లో ఇటూ అటూ జారిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. అలాంటి సమయం వస్తే చేయవలసినవి కొన్నే: వెచ్చని బట్టలు, బూట్లు, లైఫ్‌జాకెట్టు వేసుకుని తలుపు దగ్గరి చేతిసంచి తీసుకుని, చెప్పిన చోటికి వెళ్లి, బిగించని సామానుకు దూరంగా నేల మీద గోడకు ఆనుకుని కూర్చోండి. వీడియో తీయడానికి లేవకండి.

అడుగు 10: దిగాక

రేవులో నేల ఊగుతున్నట్టు అనిపిస్తుంది. స్నానం చేస్తుంటే, కళ్లు మూసుకుంటే మరీను. ఒళ్లు సముద్రానికి అలవాటుపడి ఇంకా వదలలేదని అర్థం, చాలామందికి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారాల తరబడి పోకపోతే డాక్టరుకు చూపించండి. దిగే వంతెన మీద మాత్రం పెద్దవాళ్ల చెయ్యి పట్టుకోండి. మాత్రల మత్తు, నేల ఊపు రెండూ కలిసే చోటు అది.

కానరీ దీవుల్లోని లాస్ పాల్మాస్ రేవు ఎండలో అడుగుపెట్టగానే మందుల పొట్లం సూట్‌కేసు అడుక్కి వెళ్లిపోతుంది, మాత్రలు మిగిలితే హోటల్లోనో బల్ల మీదో వదిలేస్తారు. తలుపు దగ్గరి చేతిసంచిలోకే తిరిగి పెట్టండి. సౌతాంప్టన్ చేరాలంటే అదే బిస్కేను మళ్లీ దాటాలి.